ఈ కత్తి ఎక్కడిది?

1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూల్చిన తర్వాత వారం పది రోజులకు మా ఇల్లు సోదా చేశారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నిజామాబాద్ జిల్లాలో చిన్న ఊరు మాది. ఊళ్ళో ఏ గొడవా జరగలేదు. అయినా సాయిబుల గల్లీలో ఇల్లిల్లూ వెతికారు. మా నానా, అంటే అమ్మీ వాళ్ళ నాన్న, కసాబు. ఆయన దగ్గర మూడు కత్తులుండేవి. జిబహ్ చేయడానికి పొడుగు ఛురీ, తోలు ఒలవడానికి వంపు తిరిగిన చిన్న ఛురీ, బొక్కలు కొట్టడానికి బొగుదా. మూడూ గోడకు కొట్టిన చెక్కకు వేలాడుతుండేవి. దాచుకున్న వస్తువులేం కావు. వాటిని తీసి నేల మీద పరిచి, వచ్చినాయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ కత్తులు ఎక్కడివి?"

"మన కమ్మరాయనే చేసిండు సార్" అన్నాడు నానా.

ఆ జవాబు కాగితం మీదికి ఎక్కలేదు. కాగితం మీద "మూడు మారణాయుధాలు" అని ఎక్కింది. అదే ఊళ్ళో గౌండ్లాయన నడుముకు గీత కత్తి ఉంది. ప్రతి రైతు చూరులో కొడవళ్ళు, గొడ్డళ్ళు ఉన్నాయి. అవన్నీ పనిముట్లు. మా గోడ మీదివి మాత్రం ఆయుధాలు. అన్నీ ఒకే కొలిమిలో కాలినవే, ఒకే సుత్తె దెబ్బలు తిన్నవే.

ఆనాటి ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత జర్నలిస్టునయ్యాను. ఉర్దూలోనూ తెలుగులోనూ రాస్తూ తిరిగాను. ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడెక్కడో దొరుకుతూ వచ్చింది. మనవాళ్ళూ మనవాళ్ళు కానివాళ్ళూ కూడా వినాల్సిన జవాబు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కత్తుల సంగతి చెప్పాలి. వాటి ఉక్కు లారీ కమాన్ పట్టీది. నానా పాత ఇనుప సామాన్ల అంగడికి పోయి ఏరి తెచ్చేవాడు. కమ్మరి కాక దాన్ని నమ్మేవాడు కాదు. తనే పరీక్ష చేసేవాడు. తిరిగే సాన చక్రానికి ఆనిస్తే రవ్వలు లేస్తాయి. మెత్తని ఇనుమైతే రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి, చివర పెద్దగా చిట్లవు. కర్బనం ఎక్కువున్న ఉక్కైతే రవ్వలు దగ్గర్లోనే చిట్లి చిచ్చుబుడ్డిలా పూస్తాయి. ఆ పూలను చూసి, "ఇది పనికొస్తది బావా" అనేవాడు. నానా, ఆయనా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

కమ్మరి కాక చదువుకోలేదు. కానీ ఆయన చూసింది లోహశాస్త్రం చెప్పేదే. ఇనుములో కర్బనం కలిస్తేనే ఉక్కు. నూటికి 0.6 పాళ్ళు దాటితే దాన్ని హై కార్బన్ ఉక్కు అంటారు. కమాన్ పట్టీ ఆ గీత దగ్గర దగ్గర ఉంటుంది. ఆకురాయిలో ఒక పాలు దాటి ఉంటుంది. అందుకే అరిగిపోయిన ఆకురాళ్ళతో చేసిన కత్తులకు అంత పదును. కర్బనం ఎంత పెరిగితే అంచు అంత గట్టిపడుతుంది, అంత పెళుసూ అవుతుంది. ఆ రెంటి మధ్య తూకం పట్టడమే కమ్మరి విద్య. అయస్కాంతం అంటుకోని ఎరుపు వచ్చేదాకా కాల్చి నూనెలో ముంచుతాడు. అప్పుడది గాజులా ఉంటుంది, రాయి మీద పడితే విరుగుతుంది. మళ్ళీ సన్నని సెగ మీద పెడితే ఉక్కు మీద రంగులు పాకుతాయి. ఎండుగడ్డి పసుపు రంగు, అంటే సుమారు 220, 230 డిగ్రీల దగ్గర తీసేస్తే కోసే కత్తి. 300 దగ్గర నీలం వచ్చేదాకా ఉంచితే స్ప్రింగులాంటి మెత్తదనం.

ఈ పనిని తెలుగులో పదును పెట్టడం అంటాం. పదును అంటే వాన పడ్డాక నేలలో ఉండే తడి కూడా. ఉర్దూలో కత్తి పదునును ఆబ్ అంటారు. ఆబ్ అంటే నీళ్ళు. రెండు భాషలూ ఒకే కొలిమి దగ్గర కూర్చుని ఒకే దృశ్యం చూసినట్టున్నాయి. రెండు భాషల్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఇలాంటివి నా కంట పడతాయి.

ఇక కోనసముందర్ సంగతి. నిజామాబాద్ జిల్లాలోనే కమ్మర్‌పల్లి మండలంలో ఉంది ఆ ఊరు. మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు. రిపోర్టరుగా వేరే పని మీద అటు వెళ్ళినప్పుడు పొలం గట్ల మీద నల్లని చిట్టెం, కాలిన మట్టి మూసల పెంకులు చూశాను. ఏదో పాత ఇటుక బట్టీ అనుకున్నాను. అది ఒకప్పుడు ప్రపంచం వెతుక్కుంటూ వచ్చిన ఉక్కు పుట్టిన చోటని ఎవరూ మాకు బడిలో చెప్పలేదు.

హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు దక్కన్ సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. 1824లో చనిపోయాడు. కోనసముందర్‌లో ఉక్కు ఎలా చేస్తారో ఆయన స్వయంగా చూసి రాసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల రాయి నుంచి తీసిన రెండు రకాల ఇనుమును ముక్కలు చేసి మట్టి మూసలో పెట్టేవారు. మూత మెత్తి కొలిమిలో రోజంతా తిత్తులు ఊదేవారు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కర్బనం కలిసిన కొద్దీ అంతకు తక్కువలోనే కరుగుతుంది. మట్టి మూస, బొగ్గు, తోలు తిత్తి, మనిషి చెయ్యి. ఇంతే యంత్రాంగం. మూసలో మెల్లగా చల్లారాక చిన్న ఉక్కు ముద్ద మిగులుతుంది. దానికి మట్టి పూసి మళ్ళీ మళ్ళీ గంటల తరబడి వేడిలో ఉంచితేనే సుత్తె దెబ్బకు ఆగేది.

వాయిసీ అక్కడ చూసిన మరో మనిషి గురించి కూడా రాశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు. ఇరాన్ నుంచి ఈ పల్లెకు ఉక్కు కోసమే వచ్చాడు. ఈ పని ఎలా చేస్తారో ఇరాన్ వాళ్ళకు తెలుసుననీ, తమ దేశంలో చేయబోతే కుదరలేదనీ ఆయన వాయిసీకి చెప్పాడు.

ఈ రాక కొత్తది కాదు. అంతకు దాదాపు నూటయాభై ఏళ్ళ ముందే, 17వ శతాబ్దంలో, ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పర్షియా కత్తుల గురించి రాస్తూ, నీటి అలల చార వచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని చెప్పాడు. చిన్న రొట్టె అంత ముద్దను రెండు చేస్తే ఒక్కో ముక్కకు ఒక్కో కత్తి. ఇస్ఫహాన్ కత్తి మీద ఉన్న అల మా తెలంగాణ మూసలో పుట్టింది. ఆ అలకు ఫార్సీలో, ఉర్దూలో పేరు జౌహర్. జౌహర్ అంటే రత్నమనీ, మనిషిలోని అసలు గుణమనీ కూడా అర్థం.

ఇంకా వెనక్కి పోదాం. అరబ్బీలో మేలైన కత్తికి ముహన్నద్ అని పేరు. హింద్ నుంచి వచ్చిన ఉక్కుతో చేసినదని అర్థం. ఇస్లాంకు ముందే ఈ మాట అరబ్బు కవుల నోట ఉంది. కఅబ్ బిన్ జుహైర్ అనే కవి ప్రవక్త ముందు నిలబడి చదివిన కవిత మన మద్రసాల్లో ఇప్పటికీ చెబుతారు. అందులో ప్రవక్తను ఒర లోంచి తీసిన కత్తితో పోల్చాడు. ఆ కత్తికి కవి వాడిన విశేషణం ముహన్నద్. 9వ శతాబ్దంలో తత్వవేత్త అల్ కిందీ కత్తుల మీద ప్రత్యేకంగా గ్రంథం రాసి, ఏ దేశపు ఉక్కు ఎలా ఉంటుందో విడమరిచాడు.

యూరప్ వాళ్ళు ఈ కత్తులను డమాస్కస్ పేరుతో పిలిచారు. మా ఉక్కుకు 'వూట్జ్' అని పేరు పెట్టారు. అది 'ఉక్కు' అనే మాట నోరు తిరగక మారిన రూపమని చాలామంది పండితుల మాట. 1790లలో బొంబాయి నుంచి ముద్దలు లండన్ చేరాయి. 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీ ముందు వీటి మీద వ్యాసం చదివాడు. తర్వాత మైకేల్ ఫారడే పూనుకున్నాడు. విద్యుత్తు కోసం పేరు పొందిన ఆ ఫారడే లండన్ కమ్మరి కొడుకు. 1819లో పరీక్షించి, ఈ గుణం అల్యూమినియం, సిలికా వల్ల వచ్చిందనుకున్నాడు. పొరపాటు. మొత్తం సంగతి కర్బనంలో ఉంది. నూటికి ఒకటిన్నర పాళ్ళ దాకా. అంత కర్బనమున్న ఉక్కును యూరప్ కమ్మరులు తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొడితే పొడిపొడి అయ్యేది. తక్కువ ఎరుపులో ఓపికగా కొట్టాలి. ఆ ఓపిక ఇరాన్ కమ్మరిది. 1990లలో అమెరికాలో వెర్‌హోవెన్ అనే శాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి పరిశోధించి మరో సంగతి చెప్పారు. రాయిలో అతి కొద్దిగా వెనేడియం లాంటి లోహాలుంటేనే ఆ అలలు వస్తాయని. పదివేల పాళ్ళలో ఒక పాలు కూడా అక్కర్లేదు. అంటే కోనసముందర్ విద్య ఇస్ఫహాన్‌కు ఎందుకు పోలేదో ఇప్పుడు కొంత అర్థమవుతుంది. విద్య నేర్చుకోవచ్చు. రాయిని, నేలను మోసుకుపోలేం.

మరి ఆ కత్తి ఎక్కడిది? ఉక్కు తెలుగు కమ్మరిది. కొట్టినవాడు ఇరానీ. పేరు డమాస్కస్‌ది. కోనసముందర్ కమ్మరికి హాజీ హుసేన్ పరాయివాడా? ఆయన రాకపోతే కొలిమి ఆరిపోయేది. హాజీ హుసేన్‌కు ఆ కమ్మరి కాఫిరా? ఆయన తిత్తి ఊదకపోతే ఇస్ఫహాన్‌లో కత్తి లేదు. ఇద్దరూ తక్కెడ దగ్గర కలిశారు. అక్కడ ఎవరి మతం ఎవరూ అడిగి ఉండరు.

చివరికి కొలిమి నిజంగానే ఆరిపోయింది. తుపాకులు వచ్చి కత్తికి గిరాకీ పడిపోయింది. ఇంగ్లండు ఫ్యాక్టరీల ఉక్కు చౌకగా వచ్చిపడింది. బొగ్గుకు కావాల్సిన అడవి కమ్మరికి అందకుండా పోయింది. ఇనుప రాయి కరిగించిన ముద్ద కమ్మరులు ఆ పని మరిచి నాగళ్ళు సరిచేసేవాళ్ళయ్యారు. 2010లో బెంగళూరు, ఇంగ్లండు పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్ళన్నీ తిరిగి చిట్టెం కుప్పలను లెక్క రాసేదాకా ఈ పల్లెల వైపు చూసినవాళ్ళు తక్కువ. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని వీధుల్లోకి వచ్చిన జాతికి, తన ఉక్కు ఒకప్పుడు ఇరాన్ దాకా పోయిన సంగతి గుర్తు లేదు.

ఇక్కడ మనవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. కత్తి మాట ఎత్తితే మనలో కొందరికి ఛాతీ పొంగుతుంది. తుర్కీ నుంచి, ఇరాన్ నుంచి గుర్రాల మీద కత్తి పట్టుకొచ్చిన వంశం మాదంటారు. ఆ కత్తికి ఉక్కు పోసిన కమ్మరిని తలచుకోరు. దానికి సాన పట్టిన సైకల్‌గర్‌ను, రోలుకు కక్కు కొట్టే సాయిబును, నా నానా లాంటి కసాబును పెళ్ళి పందిట్లో పక్కన కూర్చోబెట్టుకోరు. 2007లో బి.సి. 'ఇ' జాబితా వచ్చినప్పుడు అందులో ఖురేషీ, కసాబు పేర్లు చూసి సిగ్గుపడిన బంధువులు నాకున్నారు. ఉలి, ఛురీ పట్టి బతికేవాళ్ళే మనలో ఎక్కువ. తల్వార్ పట్టినవాళ్ళు గుప్పెడు.

తల్వార్ పేరుతో మా జిల్లాల్లో జరిగిన దుర్మార్గమూ దాచక్కర్లేదు. రజాకార్ల కత్తి గుర్తు ఇంకా ఈ నేల మీద ఉంది. 1948 ఆగస్టులో ఆ మూకే 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపి చెయ్యి నరికింది. చెయ్యి పోగొట్టుకున్నవాడూ ముస్లిమే. నాలాగా ఉర్దూలో రాసుకునే జర్నలిస్టే. నేను కత్తి గురించి రాస్తున్నప్పుడల్లా ఆయన చెయ్యి నా కళ్ళ ముందు ఉంటుంది. కానీ 1948 నాటి కత్తికి 1992లో నా నానా ఎందుకు జవాబు చెప్పాలి?

మా కత్తులు ఎనిమిది నెలల తర్వాత తిరిగొచ్చాయి. గోనె సంచిలో, వానల్లో నానిన గదిలోంచి. కమ్మరి కాక స్వయంగా వెళ్ళి "ఇవి నేను చేసిన పనిముట్లు, నా పేరు రాసుకోండ్రి" అని చెప్పి వచ్చాకే వదిలారని అమ్మీ అంటుంది. మూడూ ఎర్రని తుప్పు పట్టి ఉన్నాయి. నానా అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జీవితంలో ఒక్క రాత్రి కూడా ఆయన కత్తిని తడిగా పడుకోబెట్టలేదు.

హై కార్బన్ ఉక్కు గుణమే అది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో నూటికి పదిన్నర పాళ్ళకు తగ్గకుండా క్రోమియం ఉంటుంది. అది కంటికి కనిపించని పొరై కాపాడుతుంది. మన ఉక్కుకు ఆ పొర లేదు. దానికి మనిషే కాపలా. నానా పద్ధతులు నాకింకా గుర్తే. పని కాగానే కడిగి, పొడిబట్టతో అంచు బయటికి ఉండేలా తుడవాలి. నిమ్మకాయ, చింతపండు తగిలితే అప్పుడే కడగాలి. పక్కన పెట్టేముందు నూనె బొట్టు రాయాలి. రోజూ వాడని కత్తిని తోలు ఒరలో ఉంచకూడదు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. పొయ్యి మంటలో పెట్టకూడదు. కరెంటు సాన మీద ఆగకుండా అదిమి అంచు నీలం తిరిగితే పదును దిగిపోయినట్టే. తడి రాయి మీద, ఒకే వాలులో, రెండు వైపులా సమంగా నూరాలి. వెలుతురు వైపు అంచు పైకి పట్టి చూస్తే మొండిబారిన చోట తెల్లగా మెరుస్తుంది. పదునున్న చోట మెరుపు కనపడదు.

కమ్మరి కాక, నానా కలిసి ఇటుక పొడి, నూనె వేసి మూడు రోజులు తోమారు. తుప్పు రెండు రకాలని ఆ రోజే విన్నాను. ఎర్రది తినే తుప్పు, దాన్ని తీసేయాలి. వాడగా వాడగా వచ్చే బూడిద నలుపు కాపాడే పొర, దాన్ని వదిలేయాలి. చిన్న ఛురీ, బొగుదా బతికాయి. జిబహ్ ఛురీ అంచుకు గుంటలు పడ్డాయి. ఎంత నూరినా నున్నగా రాలేదు. దానితో జిబహ్ చేయనన్నాడు నానా. కత్తి బాగా నూరి, జంతువుకు బాధ తగ్గించమని హదీసు చెబుతుంది. గండ్లు పడ్డ అంచు ఆ హుకుంకు పనికిరాదు. జంతువు ఎదుట కత్తి నూరడానికి కూడా ఒప్పుకోని మనిషి ఆయన. ఆయన కత్తినే మారణాయుధమని రాశారు.

ఆ గుంటల ఛురీ ఇప్పుడు నా దగ్గర ఉంది. మా ఇంట్లో అది ఉల్లిగడ్డలు కోస్తుంది. ఈ మధ్య బజారులో అలల చారలున్న కత్తులు డమాస్కస్ పేరుతో వేలకు అమ్ముతున్నారు. వాటిలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కు రేకులు పొరలుగా అతికి, యాసిడ్‌తో చార తేల్చినవి. మూసలో పుట్టిన జౌహర్ కాదు. కత్తి కొనేటప్పుడు చారను కాదు, అంచులో ఉన్న ఉక్కు ఏదో అడగండి. ఎలా పదును పెట్టారో అడగండి. రోజూ తుడిచే ఓపిక మీకుందో లేదో మిమ్మల్ని మీరు అడగండి. ఆ ఓపిక లేకపోతే స్టెయిన్‌లెస్సే మేలు.

మా పిల్లాడికి ఇప్పుడు పన్నెండేళ్ళు. మొన్న బక్రీద్‌కు నేను ఆ ఛురీకి నూనె రాస్తుంటే "అబ్బా, యే కహాఁ కీ హై?" అని అడిగాడు. ముప్పై ఏళ్ళ కింద నేల మీద పరిచిన కత్తుల ముందు విన్న ప్రశ్నే. వాడు అడిగితే మాత్రం భయం వేయలేదు. మీ పర్‌నానాది అని చెప్పాను. చేసింది మా ఊరి కమ్మరి కాక అని చెప్పాను. వచ్చే సెలవుల్లో కోనసముందర్ తీసుకుపోయి చిట్టెం చూపిస్తానని కూడా చెప్పాను.